నిలబడినప్పుడే దగ్గే ఇంజన్

"సార్, మా తాత బండి పోతుంటే మంచిగనే పోతది. నిలబడితేనే దగ్గుతది. ఎందుకు సార్?"

తొమ్మిదో తరగతి, ధ్వని పాఠం. గోడకు తగిలిన ధ్వని తిరిగి వస్తుందని బోర్డు మీద బాణం గుర్తులు గీస్తున్నాను. పాఠం ఒకటైతే ప్రశ్న ఇంకొకటని మిగతా పిల్లలు నవ్వారు. నేనూ "కార్బురేటర్ సాఫ్ చేయించమని చెప్పు" అని ముందుకు వెళ్లిపోయాను. ఆ ఆదివారం వాళ్ల క్వార్టర్ ముందు వేపచెట్టు కింద స్క్రూ డ్రైవర్ పట్టుకుని కూర్చున్నాక గానీ తెలియలేదు, బోర్డు మీద నేను గీసిన బాణమే ఆ ప్రశ్నకు సగం జవాబని.

బండి యమహా ఆర్‌ఎక్స్‌100. మా బొగ్గు గనుల ఊరు రామకృష్ణాపూర్‌లో దాన్ని ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. మొదటి షిఫ్టుకు పోయే బండ్లలో ఆ చప్పుడును దుప్పట్లోంచే గుర్తుపట్టిన తరం మాది. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు, మొత్తం 98 సీసీ. అరచేతిలో ఇమిడే ఆ పిస్టన్ నిమిషానికి 7500 చుట్ల దగ్గర 11 గుర్రాల బలం ఇస్తుంది. అదే బండి బజార్లో ఎవరికోసమో ఆగితే 'రింగ్... డింగ్, డింగ్... రింగ్' అని తడబడుతుంది. ఒక్కోసారి ఆగిపోతుంది.

నేను చేసిన మొదటి పని అందరూ చేసేదే. స్లో స్క్రూ తిప్పి రేస్ పెంచాను. దగ్గు తగ్గింది. కానీ యాక్సిలేటర్ వదిలినా ఇంజన్ కిందికి దిగలేదు, అరుస్తూనే ఉంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, పిల్లవాడి తాత, చాలాసేపు ఊరుకుని, అప్పుడన్నాడు: "సారూ, రేస్ పెంచితే రోగం పోదు. దాని లోపల గాలి ఎట్ల తిరుగుతున్నదో చూడాలె."

ఆయన బొగ్గుబాయిలో వెంటిలేషన్ పని చేసి రిటైరైన మనిషి. ఆ మాటతో నా బుర్రలో తలుపు తెరుచుకుంది.

భూగర్భ గనిలో గాలి ఎలా తిరుగుతుందో ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. మంచి గాలి ఇన్‌టేక్ దారిన దిగాలి, బొగ్గు తీసే ఫేస్ దాకా పోవాలి, అక్కడి చెడు గాలిని తోసుకుంటూ రిటర్న్ దారిన పైకి రావాలి. మధ్యలో ఎక్కడైనా తలుపు తెరిచి ఉంటే మంచి గాలి ఫేస్ దాకా పోకుండా అడ్డదారిన రిటర్న్‌లో కలిసిపోతుంది. షార్ట్ సర్క్యూట్ అంటారు దాన్ని. దాన్ని ఆపడానికే గోడలు, తలుపులు, గాలిని మళ్లించడానికి కట్టే బ్రాటిస్ గుడ్డలు.

ఈ బండిది టూ స్ట్రోక్ ఇంజన్. దాని సిలిండర్ అచ్చంగా ఒక చిన్న బాయి. తలకాయలో వాల్వులు లేవు. గోడకు రంధ్రాలున్నాయి, పిస్టనే వాటిని మూసి తెరిచే తలుపు. పిస్టన్ కిందికి దిగుతూ ముందు కాలిన గ్యాసు పోయే రంధ్రాన్ని తెరుస్తుంది, ఆ వెంటనే కొత్త పెట్రోలు గాలి వచ్చే రంధ్రాల్నీ తెరుస్తుంది. రెండూ ఒకేసారి తెరిచి ఉంటాయి! కొత్తది పాతదాన్ని తోసేయాలి, తాను మాత్రం బయటికి పోకూడదు. ఈ మొత్తం ఇంజన్ చరిత్ర ఆ అడ్డదారిని మూయడానికి పడిన తిప్పలే.

ఇంగ్లండ్‌లోని బాత్ ఊళ్లో జోసెఫ్ డే అనే ఇంజనీరు 1891లో పేటెంటు తీసుకున్న ఇంజన్‌లో పిస్టన్ కింది గది, క్రాంక్‌కేసే గాలి పంపు. పిస్టన్ నెత్తిన ఒక మిట్ట పెట్టి కొత్త గాలిని పైకి మళ్లించే పద్ధతి ఆ తరహా ఇంజన్లలో స్థిరపడింది. బ్రాటిస్ గుడ్డ చేసే పనే ఆ మిట్ట చేసింది. కానీ అది వేడెక్కేది, బరువూ ఎక్కువే. 1920లలో జర్మనీలో అడాల్ఫ్ ష్నూర్లె మిట్టే వద్దన్నాడు. రెండు పక్కల నుంచి వచ్చే ధారల్ని ఎగ్జాస్ట్‌కు ఎదురుగా ఉన్న గోడ మీదికి ఏటవాలుగా కొట్టించాడు. అవి అక్కడ కలిసి, పైకి ఎక్కి, తల కింద మలుపు తిరిగి, పాత గ్యాసును ముందుకు తోస్తూ దిగుతాయి. గాలికి గాలే గోడ. ఈ పద్ధతితోనే జర్మనీలో చోపావ్ ఊరి డీకేడబ్ల్యూ ఫ్యాక్టరీ ఆర్‌టీ125 బండి చేసింది. 1955లో యమహా చేసిన మొట్టమొదటి బండి, వైఏ-1, ఆ ఆర్‌టీ125ను చూసి చేసిందే.

అదే చోపావ్ ఫ్యాక్టరీ యుద్ధం తర్వాత తూర్పు జర్మనీ చేతిలో ఎంజెడ్ అయింది. అక్కడి రేసింగ్ విభాగంలో వాల్టర్ కాడెన్ ఉన్నాడు. ఈ కథలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి. చేతిలో డబ్బు లేదు, మంచి లోహం లేదు. ఉన్నది చెవి, ఓపిక. సైలెన్సర్ గొట్టాన్ని చప్పుడు తగ్గించే డబ్బాగా కాకుండా ధ్వని పరికరంగా చూశాడు. గ్యాసు బయటికి కొట్టినప్పుడు ఒక ఒత్తిడి అల గొట్టంలో పరుగెత్తుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట అది వెనక్కి ఒక లాగుడు పంపుతుంది, సిలిండర్‌లోని పాత గ్యాసు బయటికి వస్తుంది. దాని వెంట కొంత కొత్త గ్యాసూ జారిపోతుంది. అల ముందుకు పోయి గొట్టం సన్నబడే చోట తగిలి, ఈసారి తోపుగా తిరిగి వస్తుంది, జారిపోయిన కొత్త గ్యాసును మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఇనుప తలుపు లేదు, ధ్వనే తలుపు.

1961లో ఆయన 125 సీసీ ఇంజన్ సుమారు 25 గుర్రాల బలం ఇచ్చింది, లీటరుకు లెక్కేస్తే 200. ఆ ఏడు ప్రపంచ టైటిల్ అందేంత దగ్గరికి వచ్చింది. సెప్టెంబరులో స్వీడన్ రేసులో ఇంజన్ ఆగిపోయింది. ఆ రాత్రే రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయాడు. బెర్లిన్ గోడ లేచి నెల రోజులైంది, అతని భార్యాపిల్లల్ని కారు డిక్కీలో దాచి దాటించారు. డెగ్నర్ తనతో తీసుకుపోయిన విద్య సుజుకీకి చేరింది. 1962లో అతను సుజుకీ మీద 50 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. టూ స్ట్రోక్ బండికి అదే మొదటి ప్రపంచ టైటిల్. ఆ గొట్టం ఆకారం జపాన్ అంతా పాకింది. కాడెన్ చోపావ్‌లోనే ఉండిపోయాడు. నాకది ఇప్పటికీ బాధే.

ఇప్పుడు వేపచెట్టు కిందికి వద్దాం. వేడి గ్యాసులో ధ్వని వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు. అల తగిలే చోటు మీటరు దూరం అనుకుంటే, పోయి రావడానికి 4 మిల్లీసెకన్లు. 7500 చుట్ల దగ్గర ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్లు, ఎగ్జాస్ట్ రంధ్రం తెరిచి ఉండేది అందులో సుమారు సగం, అంటే 4. అల సరిగ్గా తలుపు మూసే వేళకు వస్తుంది. బండి నిలబడి ఐడిలింగ్‌లో ఉంటే 1300 చుట్లనుకోండి. ఒక చుట్టుకు 46 మిల్లీసెకన్లు, రంధ్రం 23 మిల్లీసెకన్ల దాకా తెరిచే ఉంటుంది. అల నాలుగో మిల్లీసెకనుకే వచ్చి కాపలా లేని తలుపు ముందు నిలబడి పోతుంది. నెట్టి ఏం లాభం? మళ్లీ బయటికి జారడానికి బోలెడంత సమయం ఉంది.

దానికి తోడు యాక్సిలేటర్ మూసి ఉంది. వచ్చే కొత్త గ్యాసు పిడికెడు. ష్నూర్లె ధారలకు గోడ దాకా పోయే ఊపు లేదు. సిలిండర్ నిండా మొన్నటి పొగే. ప్లగ్గు నిప్పు కొడుతుంది, ఏమీ అంటుకోదు. ఆ చుట్టు వృథా. కానీ కాలని గ్యాసు లోపల కొంత మిగిలింది, తర్వాతి చుట్టులో దానికి ఇంకొంచెం కలిసింది. రెండో చుట్టుకో మూడో చుట్టుకో అంటుకునేంత పోగై, ఢాం అంటుంది. మళ్లీ పొగ నిండుతుంది, మళ్లీ ఖాళీ చుట్లు. పిల్లవాడు విన్న దగ్గు ఇదే. ఐడిలింగ్‌లో టూ స్ట్రోక్ ఇంజన్ రెండు స్ట్రోకులకు ఒకసారి మండదు, నాలుక్కో ఆరుకో ఒకసారి మండుతుంది. కొంత దగ్గు దాని పుట్టుకలోనే ఉంది. బండి ఆగిపోయేంత దగ్గు మాత్రం మనం దిద్దాల్సినది.

దిద్దడానికి కార్బురేటర్‌కు రెండు స్క్రూలున్నాయి. పెద్దది స్లైడ్‌ను కొంచెం ఎత్తి పట్టుకుంటుంది, అదే స్లో స్క్రూ. చిన్న ఇత్తడిది, గాలి లోపలికి వచ్చే వైపున్నది, ఎయిర్ స్క్రూ. పైలట్ జెట్‌లోంచి వచ్చే పెట్రోలుకు ఎంత గాలి కలవాలో అది చెబుతుంది. లోపలికి బిగిస్తే పెట్రోలు చిక్కన, బయటికి విప్పితే పలచన. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూశాను. బొగ్గు లారీల రోడ్డు పక్క తిరిగే బండి కదా, స్పాంజి నల్లగా గట్టిపడింది. దాన్ని కడిగి, నూనె పిండి పెట్టాను. ఇన్‌లెట్ రబ్బరు పగిలిందేమోనని చుట్టూ తడిమాను, ఎందుకంటే క్రాంక్‌కేసే పంపు కాబట్టి సన్న చీలిక చాలు, పక్కగాలి లాగి ఇంజన్ పలచబడి అరుస్తుంది, పిస్టన్ పట్టేసే ప్రమాదమూ ఉంది. రబ్బరు బాగుంది. బండిని చెరువు దాకా తిప్పి వేడి చేసుకొచ్చాం. ఎయిర్ స్క్రూ మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు విప్పాను. రేస్ కాస్త పెంచి పెట్టి, స్క్రూను పావు పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ ఎక్కడ అన్నిటికన్నా చురుగ్గా తిరుగుతుందో విన్నాను. అక్కడ ఆపి, స్లో స్క్రూతో రేస్ దించాను.

మే నెలలో ఇదే పని మళ్లీ చేయాలి. మన దగ్గర చలికాలం పొద్దున 15 డిగ్రీలుంటే ఎండాకాలం మధ్యాహ్నం 45. అంత వేడికి గాలి సాంద్రత దాదాపు పదో వంతు తగ్గుతుంది, పెట్రోలు మాత్రం తగ్గదు. ఇంజన్‌కు ఊపిరాడదు. ఎయిర్ స్క్రూ కొంచెం విప్పాలి.

ఆర్‌ఎక్స్‌100 మన దేశంలో దిగిన 1985లోనే హీరో హోండా సీడీ100 కూడా దిగింది. వాల్వులున్న ఫోర్ స్ట్రోక్, లీటరు మీద చాలా దూరం పోయేది. మైలేజీ గెలిచింది. జారిపోయే ఆ కాలని పెట్రోలే పొగ నిబంధనల కాలంలో టూ స్ట్రోక్‌ను బజారు నుంచి తరిమింది. 1996లో ఆర్‌ఎక్స్‌100 తయారీ ఆగింది, కాడెన్ కన్నుమూసిందీ ఆ ఏడే. ఆ బండి పేరుతో 2018లో తెలుగు సినిమా వచ్చింది. మట్టి ట్రాకుల మీద ఎగిరే డర్ట్ బైకుల్లో టూ స్ట్రోక్ ఇంకా బతికే ఉంది. యమహా వైజెడ్125కు ఇంకా కార్బురేటరే.

చివరి పావు చుట్టు పిల్లవాడి చేత తిప్పించాను. కళ్లు మూసుకుని విన్నాడు. దగ్గులు దూరం దూరంగా, సమానంగా పడుతున్నాయి. పెద్దాయన లేచి వచ్చి సైలెన్సర్ చివర అరచెయ్యి పెట్టాడు, బాయిలో రిటర్న్ గాలి చూసినట్టే.

"వస్తున్నది," అన్నాడు. "ఇగ బందు చెయ్యి బిడ్డా, పెట్రోలు అయిపోతది."