దూరం పెరిగినా తగ్గిన ప్రయాణం

భూమి కేంద్రం గుండా పోయే తలం భూగోళాన్ని కోసినప్పుడు ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం అంటారు. రెండు విమానాశ్రయాల మధ్య అతి తక్కువ దూరాన్ని ఆ వృత్తం మీదే కొలుస్తారు. ఈ లెక్కన ఢిల్లీ నుంచి, తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఆ దారి గోడ మీది పటం చూసి ఊహించినట్టు తూర్పుకో పడమరకో సాగదు. హిమాలయాలు దాటి సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. 1569లో మెర్కేటర్ రూపొందించిన పటం ధ్రువాల వైపు పోయేకొద్దీ భూభాగాలను సాగదీసి చూపుతుంది కాబట్టి, గ్లోబు మీద దారం బిగించి చూస్తే తప్ప ఈ సంగతి కంటికి ఆనదు.

అయితే విమానాలు ఈ దారిని ఉన్నదున్నట్టు అనుసరించడం అరుదు. విమానం లోపలి గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే పైలట్ దాదాపు 3,000 మీటర్ల ఎత్తుకు దిగవలసి ఉంటుంది. టిబెట్ పీఠభూమి నేలే సగటున 4,500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందువల్ల అక్కడ ఆ అవకాశం లేదు. దేశాల అనుమతులూ దారిని మారుస్తాయి: 2022లో రష్యా గగనతలం మూతపడిన తరువాత హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం సుమారు 13 గంటలైంది.

వీటన్నిటికన్నా ఆసక్తికరమైనది గాలి పాత్ర. ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని మొదట అట్లాంటిక్ మీదుగా, సుమారు 13,900 కిలోమీటర్ల దారిలో నడిపేది. 2016 అక్టోబరులో దానిని పసిఫిక్ మీదుగా మళ్ళించగా దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం రెండు గంటల మేర తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. దీనికి కారణం జెట్ స్ట్రీమ్, అంటే దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు నదిలా సాగే బలమైన గాలి. పడమరకు పోయే విమానానికి అది ఎదురుగాలి. తూర్పుకు పోయేదానిని వెనుక నుంచి తోస్తుంది. ఈ గాలులను 1920లలోనే బెలూన్లు ఎగరేసి కొలిచిన జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి తన ఫలితాలను ఎస్పెరాంటో భాషలో ప్రచురించడంతో అవి ప్రపంచం దృష్టికి రాలేదు. ఇంత విలువైన పరిశీలన అంతకాలం మరుగున ఉండిపోవడం బాధాకరం.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది గనుక, పడమరకు పోయే విమానం త్వరగా చేరాలి కదా అని చాలామంది అడుగుతారు. భూమితోపాటు వాతావరణమూ తిరుగుతుంది, విమానం ఆ గాలిలోనే ఎగురుతుంది కాబట్టి భూభ్రమణం వల్ల నేరుగా అలాంటి లాభం ఉండదు. తేడా అంతా ఆ గాలి నేలను మించి ఎంత వేగంగా కదులుతోందన్న దానిలోనే ఉంది. చలికాలంలో జెట్ స్ట్రీమ్ బలపడుతుంది కనుక, ఒకే మార్గానికి ఋతువును బట్టి ప్రయాణకాలం మారుతుంది.

ఇక టికెట్ మీది వేళలు ఆయా ఊళ్ళ స్థానిక కాలాలు కాబట్టి, వాటిని తీసివేసి ప్రయాణకాలం తెలుసుకోవడం పొరపాటు. అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం ఢిల్లీకన్నా పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది. తెల్లవారుజామున రెండున్నరకు ఢిల్లీలో బయలుదేరిన ప్రయాణికులు పద్నాలుగున్నర గంటలు ఎగిరిన తరువాత కూడా, అదే తేదీన, అక్కడి నాలుగున్నరకే దిగుతారు.