ఇంట గెలిచి రచ్చ గెలువు

ఒక చెరువు కింద రెండు ఊళ్ల పొలాలు ఉన్నాయనుకొందాం. వానలు తగ్గిన సంవత్సరం నీటిని ఎట్లా పంచుకోవాలో మాట్లాడడానికి రెండు ఊళ్ల పెద్దలు చెరువుగట్టు మీద కలుసుకొంటారు. చెరువు ఎండిపోతే ఇద్దరికీ నష్టమేనని ఇద్దరికీ తెలుసు. అయినా మాటలు తొందరగా తెగవు. ప్రతి పెద్దమనిషికీ వెనుక ఒక ఊరు ఉంది. "దీనికి మా ఊళ్లో ఒప్పుకోరండీ" అనే మాట ఆ గట్టు మీద పదేపదే వినబడుతుంది. గట్టు మీద ఒప్పుకొని వచ్చిన పెద్దను ఊరివారు రచ్చబండ దగ్గర నిలదీస్తే ఆ ఒప్పందం నిలవదు.

దేశాల మధ్య జరిగే చర్చలు కూడా ఇటువంటివే. భూగోళం వేడెక్కడాన్ని అరికట్టడానికి ముప్పై ఏళ్లకు పైగా జరుగుతున్న చర్చల్లో ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

బొగ్గు, పెట్రోలు, సహజవాయువు మండించినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అది గాలిలో పేరుకొని భూమి వేడిని బయటికి పోనీయకుండా పట్టి ఉంచుతుంది. ఈ వాయువుకు సరిహద్దులు లేవు. ఏ దేశం వదిలినా అన్ని దేశాలూ వేడెక్కుతాయి. అందుచేత 1992లో బ్రెజిల్ దేశపు రియో డి జనీరో నగరంలో ప్రపంచ దేశాలు ఒక ఒడంబడిక చేసుకొన్నాయి. ఈ బాధ్యత అందరిదీ అయినా, అందరి వాటా ఒకటి కాదని అందులో అంగీకరించాయి. ముందుగా పరిశ్రమలు పెట్టి ధనవంతులైన దేశాలు ముందు నడవాలన్నది దాని సారాంశం.

మాట ఇవ్వడం ఒక ఎత్తు, దాన్ని ఇంట్లో ఒప్పించడం మరొక ఎత్తు. రాబర్ట్ పుట్నం అనే అమెరికా రాజనీతి శాస్త్రవేత్త 1988లో ఈ స్థితిని ఒక ఆటతో పోల్చాడు. దేశం తరఫున మాట్లాడేవాడు ఏకకాలంలో రెండు బల్లల దగ్గర ఆడుతున్నాడన్నాడు. ఒక బల్ల చుట్టూ పరదేశాల ప్రతినిధులు ఉంటారు. రెండో బల్ల చుట్టూ స్వదేశంలోని చట్టసభ, పార్టీలు, కార్మిక సంఘాలు, పరిశ్రమల యజమానులు, వోటర్లు ఉంటారు. మొదటి బల్ల దగ్గర తెలివైన ఎత్తు అనిపించింది రెండో బల్ల దగ్గర ఓటమి కావచ్చు.

దీనికి అమెరికా సంయుక్త రాష్ట్రాల అనుభవం మంచి ఉదాహరణ. ఆ దేశ రాజ్యాంగం ప్రకారం విదేశాలతో చేసుకొన్న సంధికి సెనేట్ అనే ఎగువ సభలో హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. సభలో ఉండేది నూరుగురు. జనాభా ఎంతైనా సరే, ప్రతి రాష్ట్రానికీ ఇద్దరేసి సభ్యులు. అందుచేత బొగ్గు తవ్వే చిన్న రాష్ట్రం మాటకు కూడా అక్కడ చాలా బరువు ఉంది. ముప్పై నలుగురు అడ్డం తిరిగితే ఏ సంధి అయినా ఆగిపోతుంది.

1997 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో నగరంలో పెద్ద సభ జరగవలసి ఉంది. దానికి అయిదు నెలల ముందే, జూలై 25న, సెనేట్ ఒక తీర్మానం చేసింది. దాన్ని తెచ్చినవారు బొగ్గుగనుల రాష్ట్రమైన పశ్చిమ వర్జీనియాకు చెందిన రాబర్ట్ బర్డ్, నెబ్రాస్కాకు చెందిన చక్ హేగెల్. ఒకరు డెమోక్రాటు, మరొకరు రిపబ్లికన్. అభివృద్ధి చెందుతున్న దేశాలు కూడా అదే గడువులో కట్టుబడకపోయినా, అమెరికా ఆర్థిక వ్యవస్థకు తీవ్రమైన హాని కలిగినా అటువంటి సంధి మీద సంతకం చేయకూడదని ఆ తీర్మానం చెప్పింది. అనుకూలంగా 95 వోట్లు పడ్డాయి. వ్యతిరేకంగా ఒక్కటీ పడలేదు.

అయినా అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వం క్యోటోలో ముందుకు సాగింది. ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ స్వయంగా అక్కడికి వెళ్లాడు. 2008-2012 నాటికి తమ దేశం వదిలే వాయువులను 1990 నాటి కంటె 7 శాతం తగ్గిస్తామని అమెరికా ఒప్పుకొంది. 1998 నవంబరులో సంతకం కూడా చేసింది. కాని ఓడిపోతామని తెలిసి ఆ పత్రాన్ని సెనేట్ ముందు పెట్టనే లేదు. రచ్చ గెలిచింది కాని ఇంట గెలవలేదు.

తరువాతి కథ మరీ ఆసక్తికరం. 2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నికల్లో గోర్ మీద జార్జి బుష్ గెలిచాడు. గెలుపుకు 270 ఎలక్టోరల్ వోట్లు కావాలి, ఆయనకు వచ్చినవి 271. అందులో పశ్చిమ వర్జీనియావి 5. ఆ చిన్న బొగ్గు రాష్ట్రం ఎదుటి పక్షాన నిలిచి ఉంటే క్యోటోకు వెళ్లిన గోర్ అధ్యక్షుడై ఉండేవాడు. 2001 మార్చిలో బుష్ క్యోటో ఒప్పందాన్ని తిరస్కరించాడు. చివరకు రష్యా ఆమోదంతో, అమెరికా లేకుండానే, 2005 ఫిబ్రవరి 16న అది అమలులోకి వచ్చింది.

ఇంటి పరిస్థితి అన్ని దేశాలనూ వెనక్కే లాగుతుందని అనుకోకూడదు. ఒక్కొక్కప్పుడు అది ముందుకు కూడా నెడుతుంది. 1990లో రెండు జర్మనీలు ఏకమైన తరువాత తూర్పు భాగంలోని పాత కర్మాగారాలు అనేకం మూతపడ్డాయి. బ్రిటన్‌లో బొగ్గుగనులు మూతపడి, విద్యుత్తుకు సహజవాయువు వాడకం పెరిగింది. ఈ మార్పులు భూగోళం కోసం చేసినవి కావు. అయినా వాటివల్ల ఆ రెండు దేశాల వాయువులు తగ్గాయి. కాబట్టి క్యోటోలో పెద్ద లెక్కలు ఒప్పుకోవడం వాటికి సులువైంది. ఆస్ట్రేలియాలోనైతే ఎన్నికలే విధానాన్ని మార్చాయి. హోవర్డ్ ప్రభుత్వం క్యోటోకు ఆమోదం ఇవ్వలేదు. 2007 డిసెంబరు 3న పదవి చేపట్టిన కెవిన్ రడ్ ఆ రోజే ఆమోద పత్రం మీద సంతకం చేశాడు. 2012లో అక్కడ బొగ్గుపులుసు వాయువు మీద విధించిన రుసుమును తరువాత వచ్చిన వేరే ప్రభుత్వం 2014లో రద్దు చేసింది.

మళ్లీ అమెరికా సంగతి చూద్దాం. 2015 డిసెంబరు 12న పారిస్‌లో కొత్త ఒప్పందం కుదిరే వేళ ఒక్క మాట దగ్గర అంతా ఆగిపోయింది. ధనిక దేశాలు వాయువులను తగ్గించే విషయంలో చిత్తుప్రతిలో 'షల్' అనే ఇంగ్లీషు మాట పడింది. చట్టభాషలో దానికి 'చేసి తీరాలి' అని అర్థం. అలా ఉంటే సెనేట్ ఆమోదం కావలసివస్తుందని అమెరికా ప్రతినిధులు పట్టుబట్టారు. దాని బదులు 'చేయడం ఉచితం' అనే అర్థం వచ్చే 'షుడ్' అనే మాట పెట్టారు. వాషింగ్టన్‌లోని ఒక సభకు జంకి పారిస్‌లో ఒక క్రియాపదం మారింది! సెనేట్‌ను తప్పించుకొని చేరిన ఒప్పందం కాబట్టి దాని నుంచి తప్పుకోవడం కూడా తేలికైంది. 2017లో ట్రంప్ తప్పుకొంటానన్నాడు. 2020 నవంబరులో అమెరికా వెలుపలికి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో బైడెన్ కాలంలో తిరిగి చేరింది. 2025 జనవరి 20న మళ్లీ అధ్యక్షుడైన ట్రంప్ మళ్లీ తప్పుకోవాలని ఆదేశించాడు.

ఇక మన దేశం. 2021 నవంబరులో స్కాట్లండ్‌లోని గ్లాస్గో సభలో బొగ్గు విద్యుత్తును 'క్రమంగా మాన్పించాలి' అని చిత్తుప్రతిలో ఉండగా, చివరి ఘడియల్లో భారతదేశం దాన్ని 'క్రమంగా తగ్గించాలి' అని మార్పించింది. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో మాత్రమే ఉన్న మార్షల్ దీవుల ప్రతినిధి ఎంతో బాధతో ఒప్పుకొన్నారు. సభాధ్యక్షుడు అలోక్ శర్మ గొంతు గద్గదమైంది.

మన ప్రతినిధులు ఎందుకు అట్లా పట్టుబట్టారు? మీ చుట్టుపక్కలే చూడండి. ఒడిశాలో తాల్చేరు, మహారాష్ట్రలో చంద్రపూర్, తమిళనాడులో నైవేలీ, కర్ణాటకలో రాయచూరు, తెలంగాణలో సింగరేణి - ఇవన్నీ బొగ్గుతోనో లిగ్నైట్‌తోనో ముడిపడిన చోట్లు. దేశపు విద్యుత్తులో సుమారు మూడు వంతులు బొగ్గు నుంచే వస్తుంది. గనులున్న రాష్ట్రాలకు దాని మీద రాయల్టీ వస్తుంది. రైళ్లు మోసే సరుకుల్లో బొగ్గుదే అన్నిటికంటె పెద్ద వాటా. సరుకుల మీద వచ్చే రాబడి ఉండబట్టే ప్రయాణికుల టికెట్టు ధర తక్కువగా ఉంటున్నది. గని కార్మికుని కూలి, రైతు మోటారు, మన రైలు టికెట్టు - అన్నీ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. పైగా సగటు భారతీయుని వల్ల వెలువడే వాయువు ప్రపంచ సగటులో సగానికంటె తక్కువ. ఎక్కువ కాల్చినవారు ముందు తగ్గించాలన్న వాదనలో న్యాయం ఉంది.

కాని రెండో వైపు కూడా మనమే ఉన్నాం. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న యానాంలో 1996 నవంబరు తుపాను గుర్తున్న పెద్దలు ఉన్నారు. సముద్రమట్టం పెరిగే కొద్దీ తుపాను ఉప్పెన మరింత లోపలికి వస్తుంది. బొగ్గు మీద బతికేవారూ, సముద్రం పక్కన బతికేవారూ ఒకే దేశ ప్రజలు. అయితే గనిలో పని పోతే ఈ నెలలోనే తెలుస్తుంది. సముద్రం పెరగడం ఏళ్ల మీద తెలుస్తుంది. అందుకే మొదటివారి గొంతు ఎన్నికల్లో ముందుగా వినబడుతుంది. రేపు పుట్టబోయేవారికి వోటు లేదు.

అట్లాగని ప్రజాభిప్రాయానికి తలవంచడమే తప్పని అనరాదు. ప్రభుత్వం ప్రజలకు జవాబు చెప్పుకోవాలి. ఇల్లు ఒప్పుకోని మాటను రచ్చలో ఇచ్చినా అది నిలవదని క్యోటో చెబుతున్నది. కాబట్టి పరిష్కారం కూడా ఇంటి నుంచే మొదలు కావాలి. గని మూతపడే ఊరికి ముందుగానే వేరొక జీవనాధారం చూపితే ఆ ఊరు ఒప్పందానికి అడ్డం రాదు. ఎండనుంచీ గాలినుంచీ తీసే విద్యుత్తు చవక అయిన కొద్దీ ప్రతినిధి మొదటి బల్ల దగ్గర మరింత ధైర్యంగా మాట ఇవ్వగలుగుతాడు.

విదేశంలో మన ప్రతినిధి పలికే ప్రతి మాట వెనుక స్వదేశంలో మనం పలికిన మాటలు ఉంటాయి. కొద్ది సంవత్సరాల్లో మీరూ వోటర్లవుతారు. అప్పుడు రెండో బల్ల చుట్టూ కూర్చునేవారిలో మీరూ ఒకరు.

అర్థాలు

ఒడంబడిక = ఒప్పందం
సంధి = దేశాల మధ్య కుదిరే ఒప్పందం
చిత్తుప్రతి = తుదిరూపానికి ముందు రాసుకొన్న ప్రతి
రుసుము = చెల్లించవలసిన సొమ్ము
గద్గదమగు = గొంతు బొంగురుపోవు
ఉప్పెన = తుపాను వేళ నేల మీదికి పొంగే సముద్రపు నీరు

ప్రశ్నలు

1. 'రెండు బల్లల ఆట' అంటే ఏమిటి? చెరువు ఉదాహరణతో సమన్వయించి రాయండి.
2. క్యోటో ఒప్పందం మీద సంతకం చేసినా అమెరికా దాన్ని సెనేట్ ముందు ఎందుకు పెట్టలేదు?
3. జర్మనీ, బ్రిటన్ దేశాలకు క్యోటోలో ఒప్పుకోవడం ఎందుకు సులువైంది?
4. గ్లాస్గో సభలో భారతదేశం కోరిన మార్పును సమర్థిస్తూ అయిదు వాక్యాలు, విమర్శిస్తూ అయిదు వాక్యాలు రాయండి.
5. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అనే సామెతను మీ సొంత వాక్యంలో ప్రయోగించండి.