మీగడ రంగా, గంధపు రంగా?

షేడ్ కార్డులో పక్కపక్కనే ఉండే మీగడ, గంధం, దంతం, బిస్కెట్ రంగులు ఇంటిల్లిపాదినీ తికమకపెడతాయి. చూడబోతే నాలుగూ ఒకటే. గోడలకు పూసిన తర్వాత గాని ఒకటి పసుపులోకి, మరొకటి గులాబీలోకి తిరిగిందని తెలియదు. అప్పటికి డబ్బాల ఖర్చు, కూలీ అయిపోతాయి. ఎంచినవారి మీద నింద మిగులుతుంది. పేర్లను నమ్మి లాభం లేదు. కంపెనీ మారితే ‘ఐవరీ’ కూడా మారుతుంది.

తేడా అంతా అడుగున దాగిన ఛాయలో ఉంది. కార్డును తెల్ల కాగితం మీద ఉంచి, రెండు రంగులను పక్కపక్కన చూడండి. ఆ ఛాయ బయటపడుతుంది. వస్తువు రంగు దానిపై పడే వెలుతురును బట్టి, చుట్టూ ఉన్న రంగులను బట్టి వేరుగా తోస్తుందని పదకొండవ శతాబ్దంలోనే ఇబ్నుల్ హైసమ్ ‘కితాబుల్ మనాజిర్’లో వివరించారు.

కనుక దుకాణంలోని దీపాల కింద నిర్ణయం తగదు. పడమటి కిటికీ ఉన్న గదిలో సాయంకాలపు ఎండకు లేత పసుపు నారింజలోకి దిగుతుంది. నేరుగా ఎండ పడని గదిలో అదే రంగు బూడిదబారినట్లుంటుంది. ఎర్ర గచ్చు తన ఎరుపును గోడలకు కొంత అంటిస్తుంది. ఇక రాత్రివేళ 2700 కెల్విన్ బల్బు పసుపును పెంచితే, 6500 కెల్విన్ బల్బు దానిని చల్లారుస్తుంది. రంగు మార్చే ముందు బల్బు మార్చి చూడడం ఎంతో చవక!

నమూనా డబ్బా తెచ్చి, రెండడుగుల తెల్ల అట్టపై రెండు పూతలు వేయండి. తడి రంగును చూసి తీర్పు చెప్పకండి. ఆరిన అట్టను ఒక్కొక్క గోడకే ఆనించి ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక పరిశీలించండి. పాత గోడ మీదే పూస్తే చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసగిస్తుంది.

వృద్ధుల గది విషయం వేరు. వయసుతోపాటు కంటి కటకం పసుపుబారి, లేత రంగుల తేడా వారికి మసకబారుతుంది. గోడ, ద్వారబంధం, స్విచ్‌బోర్డు అన్నీ మీగడ రంగులోనే ఉంటే రాత్రి లేచిన అత్తగారు గోడ తడుముకుంటూ నడవవలసిందే. అక్కడ మీగడా గంధమా అన్న వాదం కన్నా ద్వారబంధానికి ముదురు రంగు వేయడం ముఖ్యం. మసక వెలుతురులో ఏది స్పష్టంగా కనిపిస్తోందో ఆమెనే అడిగి ఆ రంగును ఖాయం చేసుకుంటే, గోడ రంగును తర్వాత తీరికగా ఎంచుకోవచ్చు.