ఎగువ చూసి దిగాలి

ఇంటిల్లిపాదీ ఓ ఆదివారం వాగు ఒడ్డుకు వెళ్దామనుకోగానే మాటలన్నీ తిండి చుట్టూ, బండి చుట్టూ తిరుగుతాయి. పులిహోర ఎవరు కలపాలి, చాపలెన్ని పట్టుకెళ్లాలి, తెల్లవారుజామున ఎన్నింటికి బయల్దేరాలి అని లెక్కలు వేసుకుంటాం. అవన్నీ కావలసినవే. వాటిలో ఏదైనా మరిచిపోతే ఆ పూట కాస్త ఇబ్బంది పడతాం, అంతకుమించి నష్టం లేదు. మరిచిపోకూడని ప్రశ్న వేరే ఉంది: ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? మన కాళ్లు తడిపే చోటు వాగులో చిన్న ముక్క మాత్రమే. దాని వెనక మైళ్ల కొద్దీ కొండవాలు, అడవి, ఒక్కోచోట చెరువు అలుగు, మరోచోట ఆనకట్ట గేట్లు ఉంటాయి. అక్కడ జరిగినదంతా కాసేపటికి ఇక్కడికి దిగివస్తుంది. అందుకే వాగు దగ్గర గడిపే రోజుకు ఏర్పాట్లు ఎగువనుంచి మొదలుపెట్టాలి. ఏ చోటికి, ఏ నెలలో వెళ్లాలి, ఎంత లోతువరకు దిగాలి, ఎప్పుడు ఒడ్డెక్కాలి అన్నవన్నీ ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే తేలతాయి.

2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో జరిగిన ఘోరాన్ని తెలుగువాళ్లు మరిచిపోలేరు. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు నదిలో రాళ్లమీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు నిలబడిన చోట ఎంత జాగ్రత్తగా చూసినా ఆ ముప్పు కనిపించేది కాదు, అది పైనుంచి వచ్చింది. ఆనకట్ట లేని కొండవాగులో ఇదే పని వాన చేస్తుంది. మారేడుమిల్లి లాంటి చోట్ల వాలు ఎక్కువ. వానలకు నేల నానిపోయి ఉన్నప్పుడు, లేదా అడుగున బండరాయి ఉన్నచోట, పడ్డ నీరు ఇంకదు. నాలుగు వైపులనుంచి జారి ఒక్క వాగులో పడుతుంది. కింద ఎండ కాస్తున్నా, పైన కురిసిన వాన వాగును పొంగించగలదు. కాబట్టి బయల్దేరేముందు మనం వెళ్లే ఊరి వాతావరణం ఒక్కటే చూస్తే చాలదు, ఎగువ కొండల్లో వాన ఉందో లేదో చూడాలి. చేరాక స్థానికులను, అటవీ సిబ్బందిని అడగాలి. నీటి అంచున ఒక రాయి గుర్తుగా పెట్టి, అది మునుగుతోందా అని చూస్తూ ఉండాలి. తేటనీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా, సామాను సంగతి తర్వాత, ముందు మనుషులు గట్టెక్కాలి.

నెలను ఎంచుకోవడంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. జలపాతాలు, వాగులు కన్నులపండుగగా కనిపించేది వానాకాలంలో, కానీ వాటిలో దిగడం ప్రాణాంతకమయ్యేదీ అప్పుడే. గోదావరి చుట్టుపక్కల అడవుల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ ఉధృతి ఉంటుంది. తలకోన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. చూసి రావడానికి వానల కాలం, దిగి ఆడుకోవడానికి వానలు తగ్గి ప్రవాహం నెమ్మదించిన కాలం అని రెండు వేరువేరు ప్రయాణాలుగా అనుకోవడం మంచిది.

“మేం లోతుకు వెళ్లం, మోకాలి లోతులోనే ఉంటాం” అని చాలామంది అంటారు. నిలకడ నీటికైతే ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. పారే నీటిలో లోతుకన్నా వేగం ముఖ్యం. వేగం రెట్టింపైతే నీటి తోపు నాలుగింతలవుతుంది. ఉధృతంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా ఎదిగిన మనిషిని పడగొట్టగలవని వరద భద్రతా నిపుణులు హెచ్చరిస్తారు. పాచి పట్టిన బండమీద అంత కూడా అక్కర్లేదు. పైగా నిరుటి మోకాలి లోతు ఈ ఏడు కూడా మోకాలి లోతే అన్న హామీ లేదు. వరద అడుగునున్న ఇసుకను మారుస్తుంది. మనుషులు తవ్వుకెళ్లిన చోట నిలువెత్తు గుంటలు మిగులుతాయి, వాటిలో నీళ్లు నిండాక పైనుంచి ఏమీ తెలియదు. అందుకే ఏటా వెళ్లే చోటైనా ముందు పెద్దవాళ్లలో ఒకరు కర్రతో లోతు చూసుకుంటూ నడిచి హద్దు గుర్తుపెట్టాలి. చీర, జీన్స్ ప్యాంటు తడిస్తే బరువెక్కి కాళ్లకు అడ్డుపడతాయి కాబట్టి నీళ్లలో దిగేవాళ్లకు తేలికైన బట్టలు ఉండాలి.

ఇంకో అభ్యంతరం బలమైనది. మన తాతలు ఏ ఏర్పాట్లూ లేకుండానే వాగుల్లో ఈత నేర్చుకున్నారు కదా అంటారు. నిజమే. అయితే వాళ్లది ఊరి వాగు. ఏ మలుపులో సుడి తిరుగుతుందో, ఏ నెలలో ఎంత నీరుంటుందో వాళ్లకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఎగువన వాన పడితే పశువుల కాపరులు కబురు తెచ్చేవారు. వాళ్లకు ఏర్పాట్లు లేవనడంకన్నా, ఏర్పాట్లన్నీ ఊరి జ్ఞానంలో కలిసిపోయాయనడం సరైనది. నగరం నుంచి కారులో వచ్చి నాలుగు గంటలు గడిపి వెళ్లే కుటుంబానికి ఆ జ్ఞానం ఉండదు. దాన్ని అడిగి తెచ్చుకోవాలి. ఈత వచ్చినా ఇది తప్పదు, ఎందుకంటే కొలనులో నేర్చిన ఈత ప్రవాహానికి ఎదురు నిలవడం నేర్పదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్లలో పిల్లలు చాలా ఎక్కువ. సినిమాల్లోలాగా మునిగేవాళ్లు చేతులు ఊపుతూ కేకలు వేయడం అరుదు. ఊపిరికే దిక్కులేనప్పుడు అరవడానికి గాలి ఉండదు. పదిమంది పెద్దలున్న చోట కూడా ఒక బిడ్డ చప్పుడు లేకుండా మునిగిపోవచ్చు, ఎందుకంటే ఎవరికివారు ఇంకెవరో చూస్తున్నారనుకుంటారు. అందుకని కాపలాకు పేరు పెట్టాలి. ఈ అరగంట బాబాయి, తర్వాతి అరగంట అత్తయ్య అని వంతులు వేసుకోవాలి. వంతులో ఉన్నవాళ్లు ఫోను, వంట, కబుర్లు పక్కన పెట్టాలి. చిన్నపిల్లలు చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. గాలి ట్యూబులు ఆటవస్తువులే, రక్షణకు లైఫ్ జాకెట్ కావాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకుండా తాడో, పొడవాటి కర్రో, చీరో అందించాలి. ఒకరిని కాపాడబోయి మరో ఇద్దరు పోయిన కుటుంబాలున్నాయి. ఒడ్డుకు చేర్చాక కడుపు నొక్కడం, తలకిందులుగా తిప్పడం చేయకూడదు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊది ఛాతీ నొక్కే సీపీఆర్ మొదలుపెట్టాలి. అడవిలో సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి 108కి ఫోను ఎక్కడినుంచి చేయాలో ముందే చూసుకోవాలి.

ఇంత బెంగపడే బదులు నగరంలో ఈతకొలనుకు వెళ్లొచ్చుగా అనిపించవచ్చు. పైగా కేరళలో 2024, 2025లలో మెదడుకు సోకే అమీబా కేసులు విన్నాక ఆ ఆలోచన మరీ సహజం. ఆ జబ్బు అరుదు, సోకితే మాత్రం బతకడం కష్టం. అది నీళ్లు తాగితే రాదు, ముక్కులోకి నీళ్లు పోతే వస్తుంది. వెచ్చగా, నిలవగా ఉన్న మడుగుల్లో దాని ముప్పు ఎక్కువ. వానల తర్వాత బురదనీటిలో పశువుల, ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. కాబట్టి నిలవనీటిలో తల ముంచకూడదు, ఒంటిమీద పుండ్లున్నవాళ్లు దిగకూడదు. అంతేగాని ప్రకృతి నీటినే వదులుకోనక్కర్లేదు. తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన అమెరికాలోని ఆస్టిన్‌లో బార్టన్ స్ప్రింగ్స్ అనే సుమారు 3 ఎకరాల ఊటకొలను ఉంది. ఏడాది పొడవునా నీళ్లు 20, 21 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. పక్కనున్న వాగు పొంగితే మూసేస్తారు, శుభ్రం చేయడానికీ వారంలో ఒకరోజు మూస్తారు, కాపలాకు లైఫ్‌గార్డులుంటారు. మన మహానంది కోనేటిలోనూ అడుగు కనిపించేంత తేటగా ఊటనీరు పారుతూ ఉంటుంది. ప్రకృతి నీరు, కట్టుబాటు ఒకచోట ఇమడగలవని ఈ రెండూ చెబుతున్నాయి. మన వాగుల దగ్గర ఆ కట్టుబాటు తెచ్చే బాధ్యత, అందరికీ ఆ ఏర్పాట్లు అందేదాకా, వెళ్లే కుటుంబానిదే. పిల్లలు నీటి స్వభావాన్ని తెలుసుకుని పెరగాలంటే వాళ్లను నీటి దగ్గరికి తీసుకెళ్లకుండా కుదరదు.

ఆ పాఠంలో చివరి మాట కూడా ఎగువ గురించినదే. మనం సబ్బుతో ఒళ్లు రుద్దుకునే చోటికి కింద ఒక గూడెం ఉంటుంది, అక్కడి ఆడవాళ్లు ఆ నీళ్లే బిందెల్లో పట్టుకెళ్తారు. మనం పగలగొట్టిన సీసా పెంకు అక్కడి పిల్లల కాళ్లలో దిగుతుంది. పైవాళ్లు మన సంగతి చూడాలని కోరుకున్నట్టే, కిందివాళ్ల సంగతి మనం చూడాలి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి ఇంటికి పట్టుకెళ్లాలి, షాంపూ సంచిలోంచి బయటికే తీయకూడదు. వాగులో ఉన్నంతసేపూ కింది ఊరికి ఎగువ మనమే.