అత్తగారి పక్క తడుస్తోందా?

ఇంట్లో పెద్దావిడ చీర తడుపుకుంటే ‘వయసు మీద పడిందిలే’ అని ఊరుకోకండి, విసుక్కోకండి. ఎప్పుడు తడుస్తోందో గమనించండి.

దగ్గినా, తుమ్మినా చుక్కలు పడితే అడుగు కండరాలు వదులయ్యాయన్నమాట. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే ఆ కండరాలను రోజూ బిగించి వదులుతుంటే చాలామందికి తగ్గుతుంది.

ఉన్నట్టుండి ముంచుకొచ్చి, బాత్‌రూమ్‌కి చేరేలోపే అయిపోతోందా? వేళ ప్రకారం వెళ్లడం అలవాటు చేయించండి.

పొద్దస్తమానం చుక్కచుక్కగా కారుతూ, పొత్తికడుపు బిగువుగా ఉంటే మూత్రాశయం ఖాళీ కావడం లేదేమో! వెంటనే డాక్టరుకి చూపించాలి. మంట, జ్వరం, రక్తం కనిపించినా అంతే.

మోకాళ్ల నొప్పులతో లేవలేక ఆలస్యమవుతుంటే మంచం పక్కనే కమోడ్ కుర్చీ వేయండి.

ఒకరికే రెండు రకాలూ ఉండొచ్చు. మూడు రోజుల వేళలు రాసిపెట్టి డాక్టరుకి చూపండి. తడుస్తుందని మంచినీళ్లు మాత్రం మాన్పించకండి. మూత్రం చిక్కబడితే బాధ ఇంకా పెరుగుతుంది.