మీకు తెలుసా? ముత్తాత పేరు ఏ జిల్లాలో ఉంది?

ఇంగ్లండు పల్లెల్లో వంశం జాడ తీయాలంటే చర్చి పుస్తకం తెరుస్తారు. బాప్తిస్మం, పెళ్లి, ఖననం రాసి ఉంచాలని అక్కడ 1538లోనే ఆజ్ఞ వేశారు. మన పల్లెల్లో అలాంటి ఆధారం చాలావరకు కరణం గారి దస్తరమే. అందులో డైగ్లాట్ అనే పాత భూమి రిజిస్టరులో సర్వే నంబరు పక్కన పట్టాదారు పేరు ఉంటుంది. అరెకరం చెక్క ఉన్నా ముత్తాత దొరికే వీలుంది. భూమి లేని ఇళ్లవాళ్లకే కష్టం, ఆ లోటు చూస్తే మనసు చివుక్కుమంటుంది. వాళ్లలో క్రైస్తవ కుటుంబాలకు మాత్రం పాత చర్చి రిజిస్టర్లు పెద్ద ఆసరా.

ఈ కాగితాలు వెతకాలంటే ముందు ఆనాటి జిల్లా తేల్చుకోవాలి. ఏలూరునే చూడండి. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో ఏలూరు ఉండేది. 1904లో కృష్ణాకు మారింది. 1925లో పశ్చిమ గోదావరి పుట్టి, ఏలూరే దానికి కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు వేరే జిల్లా అయింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది, కొల్లేటి పక్కనున్న కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఇంట్లోవాళ్లు గడప దాటకుండానే జిల్లా మారిపోయిందన్నమాట! పాత కాగితం కోసం వెళ్లేటప్పుడు ఊరి పేరుతో పాటు ఆనాటి తాలూకా, జిల్లా కూడా రాసుకుని వెళ్లండి.