మీకు తెలుసా? బ్రేకు వేస్తే స్టీరింగ్ ఎందుకు వణుకుతుంది?

విజయవాడ నుంచి తిరువూరు మీదుగా భద్రాచలం వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిలో కారు ఎనభై మీద పోతోంది. గేదె అడ్డొచ్చింది. బ్రేకు తొక్కగానే స్టీరింగ్ చేతుల్లో గడగడా వణికింది. ‘డిస్క్ వంగిపోయింది’ అనేస్తాం. చాలాసార్లు అది వంగదు, మందంలో తేడా వస్తుంది. ఆ తేడా 0.02 మిల్లీమీటర్లున్నా చాలు, చేతికి తెలిసిపోతుంది. తలవెంట్రుక మందం కూడా అంతకంటే ఎక్కువే!

అసలు దొంగ తరచుగా డిస్క్ కూర్చునే హబ్ మీద దాక్కుంటుంది. అక్కడి తుప్పు గీకకుండా కొత్త డిస్క్ బిగిస్తే అది రవ్వంత వాలుగా కూర్చుంటుంది. బ్రేకు వేయకపోయినా ప్రతి చుట్టులోనూ ఒకేచోట ప్యాడ్‌కు రాసుకుని, వేల కిలోమీటర్లకు అక్కడ పలచబడుతుంది. వీల్ నట్లను ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించినా ఇదే తంతు.

బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే ముందు చక్రాల డిస్కులు చూడాలి. సీటు అదిరితే వెనకవి. బ్రేకు తొక్కకుండానే వణుకుతుంటే మొదట వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. డిస్క్‌ను సమం చేయడానికి లేతు పట్టించే ముందు దాని మీద చెక్కిన కనీస మందం అంకె తప్పక చదివించండి. అంతకు దిగితే మార్చాల్సిందే. అక్కడ మాత్రం పొదుపు వద్దు.